ఆఖరి సీటు దాకా

ఖాదిం వీసా మీద తొమ్మిదేళ్లు
నేను నేర్చింది ఒకటే విద్య.
చూసింది చూడనట్టు, విన్నది విననట్టు
గిన్నెలు తోముకోవడం.
నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు,
కువైట్‌లో నోరు మూసుకుంటేనే ఊరు మంచిదని
నాకన్నా ముందొచ్చిన చెంగమ్మక్క
విమానం దిగిన రోజే చెప్పింది.

ఈ సెప్టెంబరులో అకామా మారింది.
అబ్బాసియాలో ఇండియన్ స్కూలు,
ఇరవై రెండో నంబరు బస్సు,
నీలం చొక్కా, మెడలో నా ఫోటో.
ఫోటోలో నేను నవ్వలేదు.
నవ్వొచ్చని ఎవరూ చెప్పలేదు.

మొదటిరోజు పాఠం పిల్లలకు కాదు, మాకు.
ఆయాలు, డ్రైవర్లు, కొత్తగా వచ్చిన లెక్కల సారు,
క్యాంటీన్లో చపాతీలు కాల్చే నేపాలీ అబ్బాయి,
అందరం ఒకటో తరగతి కుర్చీల్లో
మోకాళ్లు గడ్డానికి తగులుతా కూర్చున్నాం.
రీనమ్మ టీచరుది కొట్టాయం.
హిందీలో ఒకసారి, చేతులతో ఒకసారి చెప్పింది.

పిల్లలు దిగినాక ఆఖరి సీటు దాకా నడువు.
నడిచినట్టు సంతకం కాదు, నడువు.
వంగి సీట్ల కింద చూడు.
నిద్రపోయిన బిడ్డను మరిచి తాళం వేస్తే
ఈ ఎండకు బస్సు పెనమవుతుంది.
బిడ్డతో ఒక్కదానివే గదిలో ఉంటే తలుపు తీసి పెట్టు.
ముద్దొచ్చినా సరే, నీ ఫోన్లో ఫోటో తీయకు.
బిడ్డ ఏదన్నా చెబితే విను.
ఎవరికీ చెప్పనని మాత్రం మాటివ్వకు.

అక్కడ నేను చెయ్యెత్తినాను,
ఈ దేశంలో మొదటిసారి, చేతిలో చీపురు లేకుండా.
"మాటిస్తేనే కదా మేడం, బిడ్డ చెప్పేది?"
"మాటిచ్చి తప్పితే
ఇంక ఎవరికీ చెప్పదు."
లెక్కల సారు కూడా రాసుకున్నాడు.

నెల తిరగలేదు.
పొద్దున పిల్లలంతా దిగిపోయినారు,
గుల్ జమాన్ ఇంజను ఆపినాడు.
నేను నడిచినాను, వంగినాను.
పద్నాలుగో సీటు కింద రెండు బూట్లు,
బూట్లలో కాళ్లు.
నిద్ర కాదు. దాక్కోవడం.

పేరు చెప్పను. ఏ తరగతో చెప్పను.
బిడ్డ అడిగింది,
"ఆంటీ, ఒకటి చెప్తా, ఎవరికీ చెప్పవు కదా?"
చెప్పనన్న మాట నోటి చివరిదాకా వచ్చేసింది.
తొమ్మిదేళ్ల అలవాటు, చెంగమ్మక్క నాలుక మీదే కూర్చుంది.
మింగినాను.
"చెప్పాల్సినోళ్లకు చెప్తా నాన్నా. నీకు మేలు చేసేటోళ్లకే."
బిడ్డ నన్ను చూడలేదు,
నా బూట్ల లేసులు చూసింది, చానాసేపు.
గంట మోగింది.
గుల్ జమాన్ కిందికి దిగి, తలుపు తెరిచే ఉంచి,
మాట వినపడనంత దూరంలో నిలబడినాడు.
అప్పుడు చెప్పింది.

ఎవరని నేను అడగలేదు. ఎందుకనీ అడగలేదు.
నిజమేనా అని అస్సలు అడగలేదు.
నా చెయ్యి బిడ్డ తలమీదికి పోబోయింది,
గాల్లోనే ఆపుకున్నాను.

ఏడో తరగతితో ఆగిన నా చదువు
ఆ పొద్దున అక్కరకొచ్చింది.
బిడ్డది హిందీ, నావి తెలుగు అక్షరాలు.
ఎట్లంటే అట్లే రాసినాను, ఒక్క మాట దిద్దలేదు.
పైన తేదీ, ఏడూ ఇరవై.
రీనమ్మ టీచరుకు తెలుగు రాదు,
నేనే చదివినాను.
సగంలో ఆగితే ఆమె తొందరపెట్టలేదు,
నీళ్ల గ్లాసు నావైపు జరిపింది.

తర్వాత ఏమైందో నాకు చెప్పలేదు.
చెప్పకూడదంట.
తెలియాల్సినోళ్లలో నేను లేను.
అది నేర్చుకోవడమే కష్టంగా ఉంది ఇప్పటికీ.
రెండు వారాలకు బిడ్డ మళ్లీ బస్సెక్కింది,
కిటికీ పక్కన కావాలంది, ఇచ్చినాను. అంతే.

శుక్రవారం చెంగమ్మక్క ఫోను.
కొత్త పని ఎట్లుందే, నోరు భద్రమా?
భద్రమే అక్కా, అన్నాను.

శనివారం నాడు పరీక్షల స్పెషల్ బస్సు.
ముగ్గురే ఎక్కినారు, ముగ్గురూ దిగినారు.
నేను లెక్కపెట్టినాను.
అయినా నడిచినాను.
ఆఖరి సీటు కింద ఒక రబ్బరు ముక్క,
దాని మీద చిన్న పళ్ల గాట్లు.